ఎలక్ట్రిక్ కారు కొని ఐదు నెలలైనా స్టేట్ రిబేట్ రాలేదంటే ఏం చెయ్యాలి

మీరు అడిగింది ఇదీ: సెప్టెంబర్ ఆఖరి వారంలో ఎలక్ట్రిక్ కారు కొన్నారు, అక్టోబర్ మొదట్లో స్టేట్ రిబేట్‌కి (ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లకి రాష్ట్రం వెనక్కిచ్చే డబ్బుకి) అప్లై చేశారు, డీలర్ దగ్గర అమ్మినాయన ఆరు వారాల్లో చెక్ ఇంటికొస్తుందన్నాడు, ఇప్పటికి ఐదు నెలలైంది, పోర్టల్ ఎప్పుడు తెరిచినా "అండర్ రివ్యూ" తప్ప ఇంకో మాట లేదు. ఆ డబ్బు వస్తుందన్న లెక్కతో గరాజ్‌లో చార్జర్ పెట్టించి ఖర్చు క్రెడిట్ కార్డు మీద వేశారు. వేసవిలో ఉద్యోగం వేరే రాష్ట్రానికి మారొచ్చు. ఇంకోసారి అప్లై చెయ్యాలా, ఊరుకోవాలా, ఊరు మారితే డబ్బు పోతుందా? ఏ రాష్ట్రమో మాత్రం రాయలేదు, అది రాసుంటే నా సమాధానం సగానికి తగ్గేది.

నేను ఇక్కడ, అమెరికాలో, 2013 నుంచి ఎలక్ట్రిక్ కార్లే నడుపుతున్నాను. ఇప్పటికి నాలుగు. మధ్యలో రాష్ట్రం మారాను, మూడుసార్లు రిబేట్ తీసుకున్నాను, అందులో ఒకటి దాదాపు పోగొట్టుకుని మళ్లీ దక్కించుకున్నది. ఆఫీసులో, గుడి దగ్గర, పిల్లల సాకర్ దగ్గర ఎవరు ఎలక్ట్రిక్ కారు కొన్నా ఈ కాగితాలు పట్టుకుని నా దగ్గరికే వస్తారు. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

ముందుగా, ఇంకోసారి అప్లై చెయ్యకండి. ఈ రిబేట్లు నడిచేది కారు విన్ నంబర్ మీద, అంటే ఒక్కో కారుకీ విడిగా ఉండే గుర్తింపు నంబర్ మీద. ఒకే విన్‌తో రెండో అప్లికేషన్ పడిందంటే డూప్లికేట్ అని పక్కన పెడతారు, దాన్ని ఎవరో మనిషి చూసి తేల్చేదాకా మొదటిది కూడా కదలకుండా కూర్చునే ప్రమాదం ఉంది. మొదటిదాంట్లో తప్పు దొర్లిందనిపిస్తే దాన్నే సరిచేయించండి. అన్నట్టు ఆ పదిహేడు అక్షరాల విన్‌లో ఇంగ్లీష్ ఐ, ఓ, క్యూ అనేవి అసలుండవు. గుండ్రంగా కనిపించిందల్లా సున్నాయే. మీరు టైప్ చేసింది ఒకసారి తీసి చూసుకోండి.

ఇక అసలు విషయం. మీరు పోర్టల్‌లో వెతకాల్సింది తేదీ కోసం కాదు, మీ పేరు మీద డబ్బు పక్కన పెట్టారా లేదా అన్నది. మనవాళ్లందరూ ఇక్కడే పొరబడతారు. అప్లికేషన్ సరిగ్గా ఉండటం ఒక సంగతి, కుండలో, అంటే ఆ ఏడాదికి ప్రోగ్రామ్‌కి కేటాయించిన నిధిలో, డబ్బు ఉండటం ఇంకో సంగతి, ఈ రెండూ వేర్వేరు చోట్ల తేలతాయి. అప్లికేషన్ చూసేది ప్రోగ్రామ్ నడిపే ఆఫీసు. కుండ నింపేది ఆ రాష్ట్ర శాసనసభ. "రిజర్వ్డ్" అనో "ఫండ్స్ రిజర్వ్డ్" అనో ఉంటే మీ వంతు డబ్బు తీసి పక్కన పెట్టినట్టే, ఇక ఆలస్యమైనా కాగితాల ఆలస్యమే. "వెయిట్‌లిస్ట్" అని ఉంటే మీ కాగితాలు ఎంత ముత్యాల్లా ఉన్నా తర్వాతి బడ్జెట్ దాకా ఎవరూ ఏమీ చెయ్యలేరు. "అండర్ రివ్యూ" మాత్రం ఈ రెండిట్లో ఏదైనా కావచ్చు, అందుకే అది చూసి మనకు టెన్షన్. ఫోన్ చేసి అడగాల్సిన మొదటి ప్రశ్న "నా చెక్ ఎప్పుడొస్తుంది" అని కాదు, దానికి అవతలి మనిషి దగ్గర జవాబుండదు. "నా అప్లికేషన్‌కి ఫండ్స్ రిజర్వ్ అయ్యాయా, ఏ తేదీన" అని అడగండి. దానికి అవును, కాదు అని సమాధానం ఉంటుంది.

కుండ ఎంత చిన్నదో తెలియాలంటే మేరీలాండ్ సంగతి చూడండి. అక్కడ ఇచ్చేది ఎక్సైజ్ ట్యాక్స్ క్రెడిట్ (కారు కొన్నప్పుడు కట్టే పన్నులో తగ్గింపు), ఎక్కువలో ఎక్కువ 3,000 డాలర్లు. 2022లో చేసిన చట్టం ప్రకారం 2023 జులై నుంచి ఏడాదికి కేటాయించింది 82.5 లక్షల డాలర్లు. వినడానికి పెద్ద మొత్తమే, తలా మూడు వేలు పంచితే 2,750 కార్లతో సరి. రాష్ట్రం మొత్తానికి! తర్వాత వచ్చినవాళ్లు వచ్చే ఏడాది డబ్బు కోసం లైన్లో నిలబడాల్సిందే. ఆ వచ్చే ఏడాది అనేది జనవరిలో మొదలవదు, అది గుర్తుంచుకోండి. దాదాపు అన్ని రాష్ట్రాలకీ బడ్జెట్ ఏడాది జులై 1న మొదలవుతుంది. న్యూయార్క్‌కి ఏప్రిల్ 1, టెక్సస్‌కి సెప్టెంబర్ 1, మిషిగన్‌కి, అలబామాకి అక్టోబర్ 1. మీరు సెప్టెంబర్‌లో కొన్నప్పటికి చాలా చోట్ల కొత్త కుండ తెరిచి మూడు నెలలు కావస్తోంది.

పైగా మీరు కొన్న నెల మామూలు నెల కాదు. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లకి కేంద్ర ప్రభుత్వం పన్నులో తగ్గించే ఫెడరల్ 7,500 డాలర్ల క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోతోందని జులైలో చట్టం వచ్చింది కదా, దాంతో ఎప్పటికో కొందామనుకున్నవాళ్లంతా ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే షోరూముల మీద పడ్డారు. ఆ జనమంతా తర్వాత స్టేట్ రిబేట్ లైన్లోకి వచ్చారు, మీతో పాటే. డీలర్ చెప్పిన ఆరు వారాల మాట అబద్ధమని నేననను, ఆయన చూసిన మామూలు రోజుల్లో ఆరు వారాల్లోనే వచ్చి ఉంటుంది. కానీ ఆయన పని కారు అమ్మడంతో అయిపోయింది, మీకొచ్చే చెక్ ఆయన చేతిలో ఎప్పుడూ లేదు.

ఇప్పుడు తేదీల గొడవ. ఒరెగాన్‌లో డబ్బు అయిపోయి 2023 మే 1 నుంచి రిబేట్ ఆపేశారు, మళ్లీ 2024 ఏప్రిల్ 3న తెరిచారు, రెండు నెలలకే జూన్ 3న మళ్లీ మూసేశారు. ఆ మూసి ఉన్న పదకొండు నెలల్లో కారు కొన్నవాళ్లకు తర్వాత తెరిచినా అర్హత లేదు. ఆపకముందు కొన్నవాళ్లు మాత్రం లైన్లో ఉండగలిగారు. చాలా ప్రోగ్రాముల్లో మొదట చూసేది మీరు కారు కొన్న తేదీనే, డబ్బు చేతికొచ్చే తేదీ దాని తర్వాతి సంగతి. కాబట్టి మీ రాష్ట్రంలో ప్రోగ్రామ్ ఆగినట్టు వార్త కనబడగానే కంగారు పడకండి, మీ కాంట్రాక్టు మీద తేదీ ఆగిన రోజుకి ముందా తర్వాతా అన్నది చూడండి. కాలిఫోర్నియాలో 2010 నుంచి నడిచిన పెద్ద రిబేట్ ప్రోగ్రామ్ 2023 నవంబర్ 8న కొత్త అప్లికేషన్లు తీసుకోవడం మానేసింది. అక్కడి నుంచి అడిగేవాళ్లు ఇప్పటికీ పాత వ్యాసాలు చదివి రెండు వేలు వస్తాయనుకుంటూ ఉంటారు. అది లేదండీ. పోయింది.

కొన్ని రాష్ట్రాల్లో అసలు ఈ ఎదురుచూపే ఉండదు. న్యూయార్క్‌లో, కనెక్టికట్‌లో డీలరే బిల్లులో తగ్గించేస్తాడు, తర్వాత రాష్ట్రం దగ్గర వసూలు చేసుకోవడం అతని తలనొప్పి. మీ బిల్లులో ఆ తగ్గింపు లైను ఇప్పటికే ఉందేమో ఒకసారి చూడండి. నవ్వకండి, మా స్నేహితుడొకడు మూడు నెలలు చెక్ కోసం ఎదురుచూసి, చివరికి బిల్లు బయటికి తీస్తే కొన్న రోజే తగ్గించి ఉంది. కొలరాడోలో ఇచ్చేది రిబేట్ కాదు, ట్యాక్స్ క్రెడిట్, డీలర్‌కి రాసివ్వకపోతే ట్యాక్స్ రిటర్న్ వేసినప్పుడే వస్తుంది. 2025లో కొన్న కారుకి అక్కడ 3,500, 2026లో కొన్నదానికి 750. అంటే డిసెంబర్ ఆఖరుకీ జనవరి మొదటికీ మధ్య అంత తేడా. టెక్సస్‌లో 2,500 డాలర్ల ప్రోగ్రామ్ వర్తించింది లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర కొంటేనే, కంపెనీ నేరుగా అమ్మే టెస్లాకి అది వర్తించలేదు. ఇల్లినాయిలో 90 రోజుల్లోపు అప్లై చెయ్యాలి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లది ముందు చూస్తారు, కాబట్టి మీతోపాటు అప్లై చేసిన వేరేవాళ్లకి వచ్చి మీకు రాకపోతే ఎవరో మిమ్మల్ని తొక్కేశారని అనుకోనక్కర్లేదు.

సరే, డబ్బు ఉంది, అయినా కదలడం లేదు అనుకుందాం. అప్పుడు నూటికి తొంభై పాళ్లు కాగితాల్లో ఏదో ఉంటుంది (నూటికి తొంభై అన్నది నా అంచనా, ఎవరూ లెక్కపెట్టలేదు). నా రెండో కారప్పుడు నాకు జరిగింది చెబుతాను. ఏ రాష్ట్రమో వదిలేయండి.

కారు కొన్న కాంట్రాక్టు చూశారుగా, బారెడు పొడుగు కాగితం. దాన్ని డైనింగ్ టేబుల్ మీద పరిచి ఫోన్‌తో రెండు ఫొటోలు తీసి అప్‌లోడ్ చేశాను, పై సగం ఒకటి, కింది సగం ఒకటి. కింది ఫొటోలో అట్టడుగున రెండు అంగుళాలు టేబుల్ అంచు నుంచి వేలాడుతూ ఫ్రేములోంచి తప్పుకుంది. నా సంతకం, డీలర్ సంతకం, తేదీ, మూడూ ఆ రెండు అంగుళాల్లోనే ఉన్నాయి. అది చాలదన్నట్టు పేరు. కాంట్రాక్టులో డీలర్ నా పాస్‌పోర్ట్ చూసి ఇంటిపేరు ముందు రాశాడు. రిజిస్ట్రేషన్ కార్డు మీద ఇంటిపేరు చివర, అదీ పూర్తిగా పట్టక చివరి నాలుగు అక్షరాలు తెగిపోయి ఉంది. కరెంటు బిల్లు మా ఆవిడ పేరు మీద. అవతల కూర్చుని చూసే మనిషికి ఇవి ముగ్గురు మనుషుల కాగితాల్లా కనబడ్డాయంటే వాళ్లననడానికేముంది. సంతకం ఉన్న పేజీ, చిరునామా రుజువు మళ్లీ పంపమని, పద్నాలుగు రోజులు గడువని మెయిల్ పెట్టారు. ఆ మెయిల్ ప్రమోషన్స్ ట్యాబ్‌లో, చెప్పుల డిస్కౌంటు మెయిల్‌కీ ఎయిర్‌లైన్స్ మెయిల్‌కీ మధ్యన కూర్చుంది. నేను చూసింది ఇరవై మూడో రోజున. అప్పటికి అప్లికేషన్ క్యాన్సిల్. మళ్లీ వేస్తే లైను చివర, ఆ లోపల కుండ ఖాళీ, వెయిట్‌లిస్ట్. మొదటిసారే సరిగ్గా పంపి ఉంటే రెండు నెలల్లో వచ్చేది పదకొండు నెలలకు వచ్చింది.

తర్వాతి కారుకి ఏం చేశానంటే, లైబ్రరీకి వెళ్లి ఆ బారెడు కాగితాన్ని ముక్కలుగా, ఒక ముక్క అంచు ఇంకో ముక్కలో కూడా పడేలా స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్ చేశాను. దాని ముందు ఒక పేజీ నేనే టైప్ చేసి పెట్టాను: కాంట్రాక్టులో ఇలా, రిజిస్ట్రేషన్‌లో ఇలా, లైసెన్స్‌లో ఇలా ఉన్న పేరు నాదే, ముగ్గురమూ ఒకరమే అని. లైసెన్స్ కాపీ, పాస్‌పోర్ట్ కాపీ జత. ఎవరూ అడగలేదు ఆ పేజీ. కానీ చూసేవాళ్లకి ఫోన్ చేసే పని తప్పింది, ఆరు వారాల్లో చెక్ వచ్చింది. మన ఇంటిపేర్లతో ఈ తంటా ఇక్కడ ఉన్నంతకాలం తప్పదు, కాబట్టి ఆ పేజీ ఒకటి కంప్యూటర్లో దాచుకోండి, ఇంటి లోన్‌కీ పనికొస్తుంది.

ఇంకొక సంగతి, మెయిల్ ఎవరి దగ్గర్నుంచి వచ్చిందని వెతకాలో తెలుసుకోండి. చాలా రాష్ట్రాలు ఈ పని స్వయంగా చెయ్యవు. కాలిఫోర్నియా ప్రోగ్రామ్, మాసచూసెట్స్‌ది, న్యూజెర్సీది నడిపింది శాన్ డియాగోలో ఉన్న సెంటర్ ఫర్ సస్టెయినబుల్ ఎనర్జీ అనే లాభాపేక్ష లేని సంస్థే. మీరేమో ఇన్‌బాక్స్‌లో రాష్ట్రం పేరు కొట్టి వెతుకుతుంటారు, మెయిలేమో ఇంకో పేరుతో వస్తుంది. అప్లై చేసినప్పుడు వచ్చిన మొదటి కన్ఫర్మేషన్ మెయిల్ తెరిచి, ఆ పంపినవాళ్ల అడ్రస్‌తో స్పామ్, ప్రమోషన్స్ అన్నీ వెతకండి. ఇది ఈ రాత్రే చెయ్యండి, మిగతా సమాధానం రేపు చదివినా ఫర్వాలేదు.

ఫోన్ చేస్తే సోమవారం పొద్దున చెయ్యకండి, వారం మధ్యలో తెరవగానే చెయ్యండి. మాట్లాడిన మనిషి పేరు, తేదీ, కేసు నంబర్ రాసుకోండి. నెలకి ఒక్కసారి చాలు, వారం వారం చేస్తే త్వరగా అవదు, మీకే విసుగు. రిజర్వ్ అయి, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని వాళ్లే చెప్పి, అయినా మూడు నాలుగు నెలలు కదలకపోతే అప్పుడు మీ జిల్లా స్టేట్ సెనేటర్ ఆఫీసుకో అసెంబ్లీ మెంబర్ ఆఫీసుకో రాయండి. వాషింగ్టన్‌లో ఉండే సెనేటర్‌కి కాదు, మీ రాష్ట్ర రాజధానిలో ఉండేవాళ్లకి. జనం పనుల కోసమే వాళ్ల దగ్గర మనుషులుంటారు. ఓటు లేదని వెనకాడకండి, ఆ జిల్లాలో ఉంటే చాలు. మర్యాదగా, అర పేజీలో, కేసు నంబర్‌తో రాయండి. నా అనుభవంలో అలా రాసిన పది రోజులకు ఒక ఫైలు కదిలింది, ఇంకోసారి రాస్తే "వెయిట్‌లిస్ట్‌లో ఉంది, మేమూ ఏం చెయ్యలేం" అని నిజాయితీగా జవాబొచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలంటారు కదా, ఇక్కడ మాత్రం చాలాసార్లు పూజారి సిద్ధంగానే ఉంటాడు, దేవుడి హుండీయే ఖాళీ.

ఉద్యోగం మారే విషయం దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీరడిగిన మూడింట్లో నిజంగా భయపడాల్సింది ఇదొక్కటే. రిబేట్ ఇచ్చే రాష్ట్రాల్లో చాలావరకు కారు ఇంతకాలం మీ దగ్గరే, ఆ రాష్ట్ర రిజిస్ట్రేషన్‌తోనే ఉండాలని షరతు పెడతాయి. మాసచూసెట్స్‌లో 36 నెలలు, కాలిఫోర్నియాలో చాలాకాలం 30 నెలలు ఉండేది, ఇల్లినాయిలో 12 నెలలు మీ పేరు మీద ఉండాలి. ముందే వెళ్లిపోతే మిగిలిన నెలల లెక్కన కొంత వెనక్కి కట్టమనొచ్చు. మీరు అప్లికేషన్ చివర టిక్ పెట్టిన టర్మ్స్‌లో ఇది ఉంటుంది, ఎవరమూ చదవం, నేనూ మొదటిసారి చదవలేదు. ఇప్పుడు చదవండి. చెక్ ఇంకా రాకముందే మారిపోతే ఏమవుతుందో, వచ్చాక మారితే ఎంత కట్టాలో, అందులోనే రాసి ఉంటుంది. కొత్త కంపెనీ రీలొకేషన్ డబ్బు ఇస్తుంటే ఈ మొత్తాన్ని కూడా ఆ లెక్కలో అడగండి, అడగడంలో తప్పేం లేదు. ఒకటి మాత్రం చెయ్యకండి, పాత అడ్రస్ మీద రిజిస్ట్రేషన్ అలాగే ఉంచి కొత్త ఊళ్లో తిరగడం. చాలామంది చేస్తారు. రెండు మూడు వేల కోసం ఇన్సూరెన్స్ దగ్గర, డీఎంవీ (కార్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు) దగ్గర అబద్ధం ఆడినట్టవుతుంది, రేపు యాక్సిడెంట్ అయితే అప్పుడు తెలుస్తుంది ఖరీదు.

కార్డు మీద ఉన్న చార్జర్ ఖర్చు గురించి. రిబేట్ వచ్చినప్పుడు కడదాంలే అని వడ్డీ కట్టుకుంటూ కూర్చుంటే ఆలూ లేదు చూలూ లేదు సామెతే గుర్తొస్తుంది. దాన్ని ఇప్పుడే తీర్చే దారి చూడండి. మీ కరెంటు కంపెనీ వెబ్‌సైట్లో హోమ్ చార్జర్ రిబేట్ ఉందేమో చూడండి, అది స్టేట్ రిబేట్‌తో సంబంధం లేని వేరే కుండ, నాకైతే తొందరగానే వచ్చింది. చార్జర్‌కి ఫెడరల్ క్రెడిట్ కూడా ఉంది, ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 1,000 డాలర్లు, 2026 జూన్ 30 లోపు బిగించినవాటికి, కాకపోతే మీ ఇల్లు అర్హత ఉన్న సెన్సస్ ట్రాక్ట్‌లో (జనాభా లెక్కల కోసం విడదీసిన చిన్న ప్రాంతంలో) ఉండాలి. దానికి ట్యాక్స్ రిటర్న్‌తో వేసేది ఫారం 8911. కారు మీద 7,500 డీలర్ దగ్గరే తగ్గించి ఉంటే అయిపోయిందని వదిలెయ్యకండి, రిటర్న్‌తో ఫారం 8936 వెయ్యాలి. ఆదాయం ఒక్కరికి 1,50,000, జంటకి 3,00,000 దాటి ఉంటే, కొన్న ఏడాది, దాని ముందటి ఏడాది రెండిట్లోనూ, ఆ 7,500 వెనక్కి కట్టాలి. రెండిట్లో ఒక్క ఏడాది లోపల ఉన్నా చాలు. ఇది చాలామంది సీపీఏలకి (ట్యాక్స్ లెక్కలు చూసే అకౌంటెంట్లకి) మనమే గుర్తు చెయ్యాల్సి వస్తోంది.

చివరిగా, పోస్ట్. చెక్ వచ్చే కవరు మీరు ఊహించుకున్నట్టు ఉండదు. పల్చగా, ప్లాస్టిక్ కిటికీతో, ఇంటి లోన్ రీఫైనాన్స్ చేసుకోమని వచ్చే కవర్లలాగే ఉంటుంది, పైన రాష్ట్రం ముద్ర ఉండకపోవచ్చు. మాకొచ్చిన మూడోది రీసైక్లింగ్ డబ్బాలో పిజ్జా కూపన్ల కింద దొరికింది, వేసింది మా ఆవిడ కాదు, నేనే. చెక్ మీద ఎన్ని రోజుల్లో వెయ్యాలో రాసి ఉంటుంది, చూసుకోండి. దాని మీద మీ ఇంటిపేరు మళ్లీ తెగి ఉంటే ఫోన్‌తో డిపాజిట్ చెయ్యకండి, బ్యాంకుకి వెళ్లి లైసెన్స్ చూపించి వెయ్యండి. ఇప్పుడు మీ రాష్ట్రం పేరు, కాంట్రాక్టు మీద ఉన్న తేదీ, పోర్టల్‌లో ఉన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాయండి, విన్ నంబర్ మాత్రం పెట్టకండి.